చికిత్సకు నాలుగు పాదాలు

చికిత్స నాలుగు పాదాల మీద నిలుస్తుందని చరక సంహిత చెబుతుంది. సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం వాటిని వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని పేర్కొని, ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలను నిర్దేశించింది. పరిచారకునికి ఉపచార జ్ఞానం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచిత్వం ఉండాలి. రోగిని సైతం ఒక పాదంగా లెక్కించడం ఇందులోని విశేషం. అతనికి జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకొనే స్వభావం, ధైర్యం, తన బాధను విడమరచి చెప్పగల నేర్పు కావాలి. నలుగురిలోనూ వైద్యుడే ప్రధానుడని చరకుడు చెప్పిన మాట నిజమే. అయితే జీవితాంతం వెన్నంటి ఉండే వ్యాధుల విషయంలో చివరి రెండు పాదాల మీద పడే బరువు తక్కువేమీ కాదు.

విషజ్వరం వారం పది రోజులలో తగ్గుతుంది. విరిగిన ఎముక కొన్ని నెలలలో అతుకుతుంది. మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం వంటివి అలా కావు. వాటిని ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకోవలసిందే. రోగి నెలకొకసారి ఆసుపత్రిలోని ఓ.పి. విభాగానికి వచ్చి, వైద్యుని ఎదుట కొన్ని నిమిషాలు కూర్చొని వెళతాడు. తక్కిన రోజులన్నింటా చికిత్స జరిగేది ఇంట్లోనే, చేసుకొనేవాడు రోగే. మరి ఆ విద్యను అతనికి నేర్పేదెవరు?

ఈ ప్రశ్న ఇన్సులిన్‌తో పాటే పుట్టిందని చెప్పవచ్చు. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. మరుసటి ఏడాది జనవరిలో తొలిసారిగా ఒక బాలునికి ఇచ్చారు. అంతవరకు కొద్దికాలంలోనే మరణించే పిల్లలు బతికి బట్టకట్టారు. కాని వారికి అనుదినం సూది వేయవలసి వచ్చింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎలియట్ జాస్లిన్ అనే వైద్యుడు నర్సులకు ప్రత్యేక శిక్షణనిచ్చి, రోగులకు బోధించే బాధ్యతను వారికి అప్పగించాడు. కొందరిని రోగుల ఇళ్లకే పంపాడు. వారికి ‘సంచార నర్సులు’ అన్న పేరు వచ్చింది.

ఆ బోధన ఎంత సూక్ష్మమైనదో ఒక్క ఇన్సులిన్ సూదిని చూస్తే తెలుస్తుంది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న సీసాలూ, 100 యూనిట్లున్న సీసాలూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీసుకుంటే రెండున్నర రెట్లు మోతాదు ఒంట్లోకి వెళ్లి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వైద్యుడు సరిగానే వ్రాసినా ఈ ప్రమాదం తప్పదు. సిరంజిని రోగి చేతికిచ్చి, మందు ఎక్కించి చూపమని అడిగే నర్సు ఉంటేనే అది బయటపడుతుంది. ఒకేచోట పదేపదే సూది వేస్తే చర్మం కింద గడ్డకట్టి మందు సరిగా ఇంకదు. అందుచేత చోటు మార్చాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను చిన్న పిడతలో పెట్టి, ఆ పిడతను తడి ఇసుక నింపిన కుండలో ఉంచి చల్లగా కాపాడుకోవచ్చు. సూది వేసుకొని భోజనం మానితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. అప్పుడు ఆలస్యం చేయక మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ ఉపవాసమైనా ఉండదలచినవారు ముందుగా అడిగి మోతాదు మార్పించుకోవాలి.

పాదాల సంగతి మరీ ముఖ్యం. మధుమేహం ముదిరితే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. ఎండలో గుడి ప్రాంగణం చుట్టూ ప్రదక్షిణ చేసినవారికి కాలు కాలిన సంగతే తెలియదు. పొలంలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఆ పుండు కుళ్లి కాలు తీసివేసే దాకా వెళ్లవచ్చు. సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి, తగిలిందా లేదా అని అడగడం నర్సు చేయగల పరీక్ష. దానికి కావలసింది పెద్ద యంత్రం కాదు, రోగి చెప్పులు విప్పేంత తీరిక.

రక్తపోటుతో చిక్కు వేరు. అది నొప్పి పెట్టదు. “మాత్రలు వేసుకుంటున్నారా?” అని అడిగితే అందరూ ఔననే అంటారు. “నిన్న రాత్రి ఏది వేసుకున్నారు పెద్దమ్మా? ఆ అట్ట ఒకసారి చూపండి” అని అడిగినప్పుడే, “ఒంట్లో బాగానే ఉందని మానేశానమ్మా” అన్న జవాబు వస్తుంది. మందు వల్లనే బాగున్నదని ఆమెకు అర్థమయ్యేటట్లు, మందలించకుండా చెప్పడానికే చరకుడు చెప్పిన అనురాగం కావాలి. మందలింపు విన్న రోగి మరుసటి నెల అబద్ధం చెబుతాడు. లేదా రానే రాడు.

2008లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 సంచార వాహనాలు నెలకొకసారి గ్రామాలకు వెళ్లి, రక్తపోటు, మధుమేహ రోగులకు మందులు అందించసాగాయి. 2018 నుండి ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఉపకేంద్రాలలో నర్సింగ్ పట్టభద్రులను నియమించడం మొదలైంది. ముప్ఫై ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయడం వీరి విధులలో ఒకటి. కొత్తగా చికిత్స ప్రారంభించే అధికారం వైద్యునిదే. ఆయన వ్రాసిన మందులను నెలనెలా అందిస్తూ, అదుపు తప్పినవారిని తిరిగి ఆయన వద్దకు పంపేది నర్సు. పని విభజన సబబైనదే. అయితే ఆమె సమయంలో అధికభాగం నివేదికలు నింపడానికే పోతే బోధనకు మిగిలేది స్వల్పం. ఇచ్చిన మాత్రలకు లెక్క ఉంటుంది, చెప్పిన మాటకు ఉండదు.

నిజానికి ఆ లెక్కలలోనూ ఒక ప్రయోజనం ఉంది. ఈ నెల ఎవరు వచ్చారన్నది కాక, ఎవరు రాలేదన్నది చూసే నర్సుకు రిజిస్టరు వేరొక కథ చెబుతుంది. వరుసగా రెండు నెలలు ఖాళీగా ఉన్న గడి ఎదుట పేరు చూసి, ఆశా కార్యకర్తను ఆ ఇంటికి పంపుతుంది. కూలికి వెళ్లే రోజూ మందులిచ్చే రోజూ ఒకటే కావడం వల్ల రాలేకపోయానని ఆ ఇంటివారు చెబితే, మరుసటి నెల అతని మాత్రలను సాయంత్రం దాకా విడిగా ఉంచుతుంది.