పిడుగు కంటే ముందు చేరాల్సిన కబురు

2025 జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక్క రోజే పిడుగులకు ఆరుగురు చనిపోయారు. గాదిగూడ, బేల మండలాల్లో. విత్తనాలు వేసుకునే రోజులవి, ఇంటిల్లిపాదీ చేన్లోనే ఉండే కాలం. 'దామిని' యాప్ అప్పటికే ఉంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన ఈ యాప్, దగ్గర్లో పిడుగులు పడుతుంటే ఫోన్‌కు హెచ్చరిక పంపుతుంది. పిడుగు పడ్డప్పుడు పుట్టే రేడియో తరంగాలను దేశంలో అక్కడక్కడా పెట్టిన సెన్సర్లు పట్టుకుంటాయి. ఏ సెన్సర్‌కు ఎన్నో క్షణంలో అందిందో లెక్కగట్టి, పడ్డ చోటు తేలుస్తారు. ఇంతవరకు భౌతికశాస్త్రం. నాకు ఇంతకన్నా వింతగా తోచేది ఆ తర్వాతి మజిలీ. ఎక్కడో సర్వర్‌లో ఉన్న కబురు చేనుగట్టు మీదున్న ఫోన్‌లోకి ఎలా వస్తుంది?

నంబరు ఉంది కదా అంటారు. ఆ నంబరు కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు. ఇంటర్నెట్‌లో ఫోన్‌కు సొంత చిరునామా అంటూ నిలకడగా ఉండదు. వేలాది ఫోన్లు టెలికాం కంపెనీ చిరునామా చాటున ఉంటాయి. బయటి సర్వర్ వచ్చి తలుపు తడదామంటే తలుపే కనిపించదు. అందుకే మొదటి మాట ఎప్పుడూ ఫోనే మాట్లాడాలి.

తొలిరోజుల్లో యాప్‌లు చేసింది అదే. కొన్ని నిమిషాలకోసారి సర్వర్‌ను "నాకేమన్నా వచ్చిందా?" అని అడగడం. గూడెం నుంచి రోజూ పోస్టాఫీసుకు నడిచిపోయి ఉత్తరం లేదనిపించుకుని తిరిగొచ్చినట్టు. ఇక్కడ అరిగేది బ్యాటరీ. ఫోన్‌లోని రేడియో ఒక్క చిన్న ప్రశ్న పంపినా, ఆ వెంటనే నిద్రపోదు, కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. పది యాప్‌లు పది వేళల్లో అడిగితే దానికి నిద్రే ఉండదు.

2008 జూన్‌లో ఆపిల్ సంస్థ తరఫున స్కాట్ ఫోర్‌స్టాల్ ఒక ఉపాయం చెప్పాడు. ఏ యాప్‌కు ఆ యాప్ విడిగా తన సర్వర్‌ను అడుగుతూ ఉండనక్కర్లేదు. ఫోన్ మొత్తానికి ఒక్కటే దారం. దాని అవతలి కొస కంపెనీ చేతిలో. ఎవరి కబురైనా ఆ కొస దగ్గర ఇస్తే, దారం వెంట ఫోన్‌కు చేరుతుంది. సెప్టెంబరుకల్లా ఇస్తామన్నది 2009 జూన్‌కు గానీ రాలేదు. వచ్చినప్పుడు కూడా ఒక కబురుకు 256 బైట్లే హద్దు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. మన లిపిలో గుణింతపు గుర్తుకు కూడా మూడు బైట్లు. 'పిడుగు' అన్న ఒక్క మాటకే 18 బైట్లు అయిపోతాయి. కవరు కొలతలు తీసినవాళ్ల మనసులో తెలుగు ఉన్నట్టు లేదు. ఇప్పుడు ఆ హద్దు 4 వేల బైట్లు దాటింది కనుక ఆ గొడవ తీరింది.

గూగుల్ తన దారాన్ని 2010లో ఆండ్రాయిడ్ 2.2తో తెచ్చింది. 2012లో ఒకసారి, 2016లో ఇంకోసారి పేరూ రూపూ మార్చింది. ఇప్పుడున్నది ఫైర్‌బేస్. పద్ధతి మాత్రం అదే. యాప్ వేసుకోగానే ఆ ఫోన్‌లోని ఆ యాప్‌కు ఒక పొడవాటి టోకెన్ దొరుకుతుంది. యాప్ దాన్ని తన సర్వర్‌కు అప్పజెప్తుంది. సర్వర్ కబురు మీద ఆ టోకెన్ రాసి గూగుల్‌కు ఇస్తుంది, గూగుల్ దారం వెంట వదులుతుంది. యాప్ తీసేస్తే టోకెన్ చచ్చిపోతుంది. దారం తెగకుండా ఫోన్ కొన్ని నిమిషాలకోసారి ఒక చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. లేకపోతే, వాడకం లేదనుకుని టెలికాం కంపెనీయే కత్తిరించేస్తుంది.

ఫోన్ ఆఫ్‌లో ఉంటే? కబురు నాలుగు వారాల దాకా గూగుల్ దగ్గర నిల్వ ఉండొచ్చు. పెళ్లి పిలుపుకైతే ఫరవాలేదు. పిడుగు కబురు మర్నాడు అందితే దానంత దండగ మాట ఉండదు. కాబట్టి పంపేవాళ్లే గడువు తక్కువగా పెట్టాలి, తొందర కబురని గుర్తు కూడా వేయాలి. ఎందుకంటే 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో కదలకుండా పడున్న ఫోన్ గాఢనిద్రలోకి పోతుంది, మామూలు కబుర్లు దాని గుమ్మం దగ్గరే ఆగుతాయి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లోనైతే మనం అనుమతి ఇవ్వనిదే నోటిఫికేషన్ కనిపించదు. ఇన్ని గడపలు దాటాక కూడా చేరుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఉట్నూరు, నార్నూరు వైపు అడవిలో సిగ్నల్ పోయిందంటే దారమే లేదు.

ఈ దారం పద్ధతి ఎంత చెప్పినా ఉత్తరం లాంటిదే, ఒక్కొక్కరి పేరు రాసి పంపాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు కావలసింది డప్పు చాటింపు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అలాంటి రాత్రి సర్వర్ టోకెన్ల చిట్టా తిరగేస్తూ కూర్చుంటే కుదరదు. ఊళ్లో సుంకరి డప్పు కొడితే ఆ వాడలో ఉన్నవాళ్లందరికీ వినపడేది, పేర్లు అడిగేవాడు కాదు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అచ్చం ఆ పనే చేస్తుంది. టవర్ ఒక్కసారి చాటితే దాని కింద ఉన్న ఫోన్లన్నీ మోగుతాయి. యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. 2023లో మన ఫోన్లు ఉన్నట్టుండి బిగ్గరగా మోగి జనాన్ని ఉలిక్కిపడేలా చేసింది దాని పరీక్షే. నన్నడిగితే, వరదకైనా పిడుగుకైనా ఇదే ముందు ఉండాలి, యాప్ దాని వెనక రావాలి.

అందాకా పత్తి చేన్లకు పోయేవాళ్ల ఫోన్‌లో దామిని వేసిపెట్టండి. లొకేషన్, నోటిఫికేషన్ అనుమతులు ఇచ్చి, బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కు ఆంక్షలు తీసేయండి. ఉరుము వినపడితే మాత్రం ఫోన్ మోగేదాకా ఆగొద్దు, చెట్టు కిందికి పోవద్దు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు అందే దూరంలోనే ఉన్నారు.