మీట మీది మిణుగురు

రాత్రి ప్రయాణంలో ఎదురు లారీ దీపాలు కళ్ళలో కొట్టాయని చెప్పని డ్రైవరు ఉండడు. తన కారులోనే, తన చేతికి జానెడు దూరంలో వెలిగే చిన్న దీపం కూడా అదే పని చేస్తున్నదని మాత్రం చాలామంది గమనించరు. లారీ రెండు క్షణాల్లో దాటిపోతుంది. ఇదైతే ఒంగోలులో ఎక్కిన దగ్గర్నుంచి గుంటూరులో దిగేదాకా ఎదురుగానే కూర్చుంటుంది.

కార్లలో పాతకాలం నుంచీ ఒక ఏర్పాటు కద్దు. డాష్‌బోర్డు మీద వేగం చూపే ముల్లు, పెట్రోలు ముల్లు, మీటలు ఉంటాయి గదా, వాటి వెనుక దీపాలన్నిటినీ ఒకే మరతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దాని పేరు డిమ్మర్. కరెంటు లేని రోజుల్లో లాంతరు పక్కన ఉండే మర మన పెద్దవాళ్ళకు బాగా గుర్తు. పిల్లలు చదువుకునేటప్పుడు ఒత్తి పైకి, పడుకునేటప్పుడు కిందికి. ఇదీ అంతే. చిక్కల్లా తరువాత బజారులో కొని పెట్టించిన మీటలతో వస్తుంది. కారుతో పుట్టిన మీటలు మర తిప్పగానే తల వంచుతాయి. బజారు మీట మాత్రం, కొత్త అల్లుడిలాగ, ఎవరి మాటా వినదు.

మా చెల్లెలి భర్త అద్దంకి ప్రాంతంలో మిరప వేస్తాడు. కాయ అమ్మకానికి వచ్చే రోజుల్లో టిక్కీలు లారీలో ముందు వెళ్ళిపోతే, తెల్లవారేసరికి గుంటూరు యార్డులో ఉండాలని తాను వెనుక కారులో బయలుదేరతాడు. మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారి ఎక్కి, మార్టూరు, చిలకలూరిపేట మీదుగా ప్రయాణం. చలికాలం ఆ వేళప్పుడు మంచు దట్టంగా దిగుతుంది. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు అదే దారిన పత్తి బోరాలతో నడుస్తుంటాయి. అంచేత బావ కారు ముందు రెండు పొగమంచు దీపాలు పెట్టించి, వాటికొక మీట బిగించుకున్నాడు. ఆ మీటలో నీలం దీపం ఒకటి. తాళంచెవి తిప్పితే చాలు, పగలనక రాత్రనక పూర్తి వెలుగుతో మండుతుంది. రాత్రిపూట దాని నీడ ముందు అద్దంలో పడి, మంచులో ఇంకో చందమామలా వేలాడేది. మా చెల్లెలు నొసటి స్టిక్కరు బొట్టు తీసి దాని మీద అంటించింది. బొట్టు చుట్టూ గ్రహణంనాటి సూర్యుడిలా వెలుగు అంచు మిగిలింది.

ఒక రాత్రి మార్టూరు దాటాక రోడ్డు వారన ఆగిన ట్రక్కు ఒకటి బావకు చివరి నిమిషంలోగాని కనపడలేదు. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. పక్కన చెల్లెలూ, వెనుక సీట్లో నిద్రపోతున్న పిల్లలూ. మర్నాడు మా ఇంటికి వచ్చి, "దారి కనపడాలని గదా బావా దీపం పెట్టించుకున్నది! ఇప్పుడు దీపమే కనపడుతోంది," అన్నాడు.

అతనన్నది అక్షరాలా నిజం. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా కుదుటపడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఎదురు వాహనాలున్న రోడ్డు మీద అంత కుదుట ఎటూ దొరకదు. దొరికిన కాస్తా చెడగొట్టుకోవడం దేనికి? చీకట్లో పనిచేసే కంటి కణాలకు ఎరుపు అంతగా ఆనదు, నీలం మహా ఎక్కువగా తగులుతుంది. మరి బజారు మీటల్లో నీలానికే గిరాకీ. చూపు కాస్త మసకబారిన పెద్దవాళ్ళకు ఈ బాధ రెట్టింపు.

బావను వెంటబెట్టుకుని గుంటూరు ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ కుర్రవాడి దగ్గరకు వెళ్ళాను. నేను చెప్పేది తెలుగు పాఠం, కరెంటు కాదు. అయినా అతను వైర్లు చూపిస్తూ చెప్పినదంతా నాకు సాగర్ కుడికాలువలాగే కనిపించింది. డిమ్మర్ అంటే తూము షట్టరు. దాని కింద ఉన్న పొలాలన్నిటికీ షట్టరు దించితే నీరు తగ్గుతుంది. షట్టరుకు పైన గండికొట్టి నీళ్ళు తీసుకున్న పొలానికి ఏ లెక్కా లేదు. మా బావ మీట ఆ పైగండి బాపతు. దాని దీపం వైరును డిమ్మర్ కింది లైనుకు మార్చాలి, అంతే. దీపం వైరును మాత్రమే సుమండీ! రెండు యాభై అయిదు వాట్ల దీపాలు కలిసి తొమ్మిది ఆంపియర్లు తాగుతాయి. వాటి కరెంటు వేరే ఫ్యూజుతో, రిలే మీదుగానే వెళ్ళాలి.

ఆ లైను ఏదో పట్టుకోవడానికి మల్టీమీటరు కావాలి. పార్కింగు దీపాలు వేస్తే పన్నెండు వోల్టులు చూపి, తీస్తే సున్నా అయి, మర తిప్పితే తగ్గే వైరే మనకు కావలసింది. జర్మన్ వాళ్ళ లెక్కలో దానికి 58డి అని గుర్తు. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని కార్లలో మర తిప్పినా ఈ వైరు పన్నెండు దగ్గరే నిలుస్తుంది, దీపాలు మాత్రం తగ్గుతాయి. వాటిలో డిమ్మర్ ఎర్తు వైపున ఉంటుంది. అంటే షట్టరు కాలువ తలకట్టున కాక, నీరు బయటికి పోయే చోట ఉన్నదన్నమాట. అలాంటి కారులో మీట దీపం రెండో కాలిని బాడీకి బిగిస్తే పూర్తి వెలుగే. ఆ కాలును డిమ్మర్‌కు తిరిగివెళ్ళే వైరుతోనే కలపాలి. బావ కారు ఈ రకమే. "చాలామంది ఇక్కడే బోల్తా కొడతారు మాస్టారూ," అన్నాడు కుర్రవాడు.

వైరు సరిగా కలిపినా పాత కార్లలో ఎల్‌ఇడి దీపం మిగతా వాటితో సమానంగా తగ్గదు. పాత డిమ్మర్ తీగచుట్ట అడ్డుపెట్టి వోల్టేజీ తగ్గిస్తుంది. సగం వోల్టేజీకి తీగ బల్బు వెలుగు పదో వంతుకు పడిపోతే, ఎల్‌ఇడిలో కరెంటు ఇంకా నూటికి నలభై పాళ్ళు మిగులుతుంది. ఇంకా దించితే ఒక్కసారిగా కొండెక్కుతుంది. కొత్త కార్లలో డిమ్మర్ వారబందీ పద్ధతిది. క్షణానికి వందలసార్లు తెరిచి మూస్తూ, తెరిచి ఉంచే వేళను తగ్గిస్తుంది. దానికి ఎల్‌ఇడి చక్కగా లొంగుతుంది. కాని ఆ కార్లలో దీపాల పెత్తనం ఒక చిన్న కంప్యూటరుది. ఎల్‌ఇడి బరువు దానికి లెక్కలోది కాదుగాని, తీగ బల్బులు తగిలిస్తే మొరాయించవచ్చు. బ్యాటరీ నెగటివు విప్పకుండా చెయ్యి పెట్టకూడదు. పసుపు తొడుగు వైర్లు గాలిసంచుల బాపతు గనుక వాటి జోలికి అసలే పోకూడదు.

పని గంటలో అయింది. బావ మర తిప్పి చూస్తే నీలం దీపం మిగతావాటితోపాటు నెమ్మదించింది. రంగు నాకింకా నచ్చలేదు. అతనికి నచ్చింది, కారు అతనిది.

తరువాత ట్రాక్టరుకు కూడా అదే చెయ్యమన్నాడు. ఆ ట్రాక్టరుకు డిమ్మరే లేదు. దాని మీట దీపానికి వరసలో రెండువేల ఓముల రెసిస్టరు ఒకటి కలిపి, వెలుగును శాశ్వతంగా అయిదో వంతుకు దించాడు కుర్రవాడు. వెనుక ట్రక్కుకు ఎర్ర దీపాలు రెండు కూడా పెట్టమని చెప్పింది మా చెల్లెలు.