లోకల్ బండిలో వచ్చే పెళ్లిపూలు

పౌషమాసంలో బెంగాలీ హిందువులు పెళ్లిళ్లు చెయ్యరు. దాదాపు అదే కాలంలో మనకు ధనుర్మాసం, ముహూర్తాలుండవు. క్రైస్తవులకు ఆ పట్టింపు లేదు. సరిగ్గా అప్పుడే, క్రిస్మస్‌కీ సంక్రాంతికీ నడుమ, పాంశకుడా పక్కనున్న క్షీరాయిలో చామంతి తోటలు విరగబూస్తాయి. ఖరగ్‌పూర్‌లో చర్చి పెళ్లికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది?

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డ ఊరు ఖరగ్‌పూర్. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ మీద వంతెన పూర్తయి హౌరా లైను కలిసింది. పూలు వచ్చేదీ ఆ లైను మీదే. క్షీరాయి, పాంశకుడా, కోలాఘాట్ వైపు నుంచి బంతి, చామంతి, లిల్లీ, గ్లాడియోలస్ మూటలు లోకల్ బండ్లెక్కుతాయి. పనిగట్టుకుని హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్ దాకా పోనక్కర్లేదు. అక్కడి సరుకులోనూ చాలా భాగం ఇటునుంచి వెళ్లిందే.

లిల్లీ కాడ కొనేటప్పుడు మొత్తం విచ్చినది తీసుకోకండి. మొగ్గలు అడుగునుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. అడుగున రెండో మూడో విచ్చి, పైవన్నీ ఇంకా మొగ్గలుగా ఉన్న కాడ ముందురోజు సాయంత్రం తెస్తే పెళ్లివేళకు సరిపోతుంది. తెచ్చిన వెంటనే కాడ కొస ఏటవాలుగా కోసి, కింది ఆకులు దూసేసి బకెట్ నీళ్లలో నిలబెట్టాలి. నీళ్లలో మునిగిన ఆకు కుళ్లుతుంది, దాంతో పూవూ పోతుంది.

దండల దగ్గర రెండు పద్ధతులు ఎదురవుతాయి. బెంగాలీ పూలకొట్టువాడు సూదీదారంతో గుచ్చుతాడు. మన ఆడవాళ్లు తడిపిన అరటినారతో ముడి మీద ముడి వేసి కడతారు. గుచ్చినది త్వరగా తయారవుతుంది, కట్టినది ఒత్తుగా ఉంటుంది. బెంచీల చివర్లకు గుచ్చినవి చాలు. పెళ్లికూతురి జడకు మాత్రం కట్టిన మూరే కావాలి. ఇందులో నేను రాజీపడను!

కేథలిక్ చర్చిలో పూలు బలిపీఠం మీద కాదు, దాని చుట్టూ ఉండాలి. అవీ మితంగా ఉండాలని పూజాగ్రంథ నియమావళి చెబుతుంది. ఈస్టర్ ముందరి తపస్సు కాలంలో సాధారణంగా అవీ ఉండవు. బాప్టిస్టు సంఘాల్లో బలిపీఠమే లేదు, ప్రసంగవేదిక చుట్టూ అలంకరిస్తారు. ఎక్కడైనా నాకు నచ్చనిది ఒకటుంది: గుమ్మం నుంచి వేదిక దాకా ప్లాస్టిక్ పూల ఆర్చీలు, జంట ముఖాలు కూడా కనపడనంత ఎత్తున. పూలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ కూడా అంతే. అమెరికాలో 1954లో పుట్టిన ఆ సరుకూ ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. లండన్‌లో ఏటా జరిగే చెల్సీ పూల ప్రదర్శనలో 2021 నుంచి దాన్ని నిషేధించారు. వెడల్పాటి మట్టిమూకుడు, అందులో నీళ్లు, కాడలు నిలవడానికి చుట్టగా మడిచిన కోళ్లవల చాలు.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి మామూలుగా ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపల జరగాలి. పొద్దున పెళ్లయితే అలంకారం ముందురాత్రే ముగించాలి. ఆ రాత్రి చర్చి తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోండి. బెంచీలకు మేకులు కొట్టకండి, రిబ్బనుతో కట్టండి. పూలవాడికి బయానా ఇచ్చేముందే ఫాదర్‌గారినో పాస్టర్‌గారినో ఒకసారి కలవండి.