కలం నుండి కార్యనిర్వహణకు - కేథరిన్ గ్రాహం

ఉద్దేశం: రచనావృత్తి, వ్యాపార నిర్వహణ ఒకదానికొకటి ఆలంబనంగా నిలిచే తీరును ఒక పత్రికాధిపతి జీవితం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం.

ప్రతిదినం ప్రభాతవేళ మన ముంగిటికి వచ్చే దినపత్రిక వెనుక రెండు వ్యవస్థలు పనిచేస్తాయి. మొదటిది సంపాదక విభాగం. వార్తను సేకరించి, సత్యాసత్యాలను పరిశీలించి, పాఠకునికి అందించడం దాని ధర్మం. రెండవది నిర్వాహక విభాగం. కాగితం, సిరా, యంత్రాలు, జీతాలు, పంపిణీ మొదలైన వాటికి కావలసిన ధనాన్ని చందాల ద్వారా, ప్రకటనల ద్వారా సమకూర్చడం దాని బాధ్యత. మొదటిది పత్రికకు ప్రాణమైతే, రెండవది దేహం. సత్యాన్ని ప్రకటిస్తే సంస్థకే నష్టం వాటిల్లే పరిస్థితి ఏర్పడినప్పుడు అధిపతి ఏ మార్గాన్ని అవలంబించాలి? అమెరికాలో ఈ ధర్మసంకటాన్ని ఎదుర్కొన్న మహిళ కేథరిన్ గ్రాహం.

ఆమె 1917 జూన్ 16న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి యూజీన్ మేయర్ సంపన్నుడైన పెట్టుబడిదారు. దివాలా తీసి వేలానికి వచ్చిన 'వాషింగ్టన్ పోస్ట్' పత్రికను ఆయన 1933లో 8,25,000 డాలర్లకు కొన్నారు. 1938లో షికాగో విశ్వవిద్యాలయంలో పట్టం పొందిన కేథరిన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక దినపత్రికలో విలేఖరిగా చేరారు. ఓడరేవు కార్మికుల ఆందోళనను దగ్గరనుండి పరిశీలించి వార్తలు సేకరించారు. అనంతరం తండ్రి పత్రికలో చేరి పాఠకుల లేఖల శీర్షికను, సంపాదకీయ పుటకు సంబంధించిన పనులను నిర్వహించారు.

1940లో ఫిలిప్ గ్రాహంతో ఆమెకు వివాహం జరిగింది. 1946లో తండ్రి పత్రికా నిర్వహణను అల్లునికి అప్పగించారు. ఓటుహక్కు గల వాటాలలో సైతం కుమార్తెకంటె అల్లునికే అధికభాగం ఇచ్చారు. భర్త భార్య కింద పనిచేయడం ఉచితం కాదనే భావన ఆనాటి సమాజంలో అంత బలంగా ఉండేది. కేథరిన్ కూడా ఆ ఏర్పాటును సహజమైనదిగానే స్వీకరించి, నలుగురు సంతానాన్ని పెంచి పెద్దచేయడంలో నిమగ్నులయ్యారు.

తీవ్రమైన మానసిక రుగ్మతకు లోనైన ఫిలిప్ 1963 ఆగస్టులో విషాదకరంగా మరణించారు. అప్పటికి ఆ సంస్థ చేతిలో దినపత్రికతోపాటు 'న్యూస్‌వీక్' వారపత్రిక, టెలివిజన్ కేంద్రాలు ఉన్నాయి. కేథరిన్ సంస్థను అన్యుల పరం చేయక తానే అధ్యక్షపదవిని స్వీకరించారు. నాటికి ఆమె వయస్సు 46 సంవత్సరాలు. పురుషులతో నిండిన సమావేశాలలో నోరు విప్పడానికి ఆమె ఎంతో సంకోచించేవారు. క్రిస్మస్ వేడుకలో ఉద్యోగులకు శుభాకాంక్షలు తెలపడానికి సైతం ముందుగా సాధన చేసుకున్న సంగతిని ఆమె తన ఆత్మకథలో చెప్పుకున్నారు. అయినా మంచి సంపాదకుడుంటేనే మంచి పత్రిక సాధ్యమని గ్రహించి, 1965లో బెన్ బ్రాడ్లీని తీసుకువచ్చి సంపాదక విభాగంలో ఉన్నత బాధ్యతలు అప్పగించారు.

ఆమెకు అగ్నిపరీక్ష 1971 జూన్‌లో ఎదురైంది. వియత్నాం విషయంలో అమెరికా ప్రభుత్వం అనుసరించిన విధానాలను వివరించే సుమారు 7,000 పుటల రహస్య నివేదికకు 'పెంటగాన్ పత్రాలు' అని పేరు. వాటిని మొదట 'న్యూయార్క్ టైమ్స్' ప్రచురించగా న్యాయస్థానం తాత్కాలికంగా నిలుపుదల చేసింది. ఆ ప్రతులు వాషింగ్టన్ పోస్ట్‌కు కూడా లభించాయి. అదే వారంలో సంస్థ తన వాటాలను ప్రజలకు విక్రయించడం ప్రారంభించింది. ప్రచురిస్తే వాటాల విక్రయం భగ్నం కావచ్చుననీ, సంస్థపై నేరం రుజువైతే టెలివిజన్ కేంద్రాల లైసెన్సులు రద్దు కావచ్చుననీ న్యాయవాదులు హెచ్చరించారు. ప్రచురించకపోతే పత్రిక ఆత్మగౌరవమే నశిస్తుందని సంపాదకులు వాదించారు. జూన్ 17వ తేదీ రాత్రి ఉభయపక్షాల వాదనలను టెలిఫోన్‌లో విన్న కేథరిన్ ప్రచురణకే అనుమతించారు. జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యంతో పత్రికల పక్షాన తీర్పు వెలువరించింది.

మరుసటి సంవత్సరం వాటర్‌గేట్ ఉదంతం వెలుగులోకి వచ్చింది. బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అనే యువ విలేఖరులు చేసిన పరిశోధనకు ఆమె అండగా నిలిచారు. ఫ్లోరిడాలోని రెండు టెలివిజన్ కేంద్రాల లైసెన్సులపై అభ్యంతరాలు దాఖలయ్యాయి. వాటాల ధర పతనమైంది. ఆమె వెనుదీయలేదు. 1973లో పత్రికకు ప్రజాసేవా విభాగంలో పులిట్జర్ బహుమతి లభించింది. 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ పదవినుండి వైదొలగారు.

సాహసం మాత్రమే సంస్థను నిలబెట్టదు. ఈ సత్యాన్ని గుర్తించిన కేథరిన్ వ్యాపారవిద్యను శ్రద్ధతో అభ్యసించారు. 1973లో సంస్థ వాటాలను కొన్న వారెన్ బఫెట్ ఆమెకు ఆదాయవ్యయ పట్టికలను చదివే పద్ధతిని ఓపికగా బోధించారు. 1975లో ముద్రణాలయ కార్మికులు సమ్మె ప్రారంభించిన రోజున కొందరు యంత్రాలను ధ్వంసం చేశారు. పత్రిక ఒక్కరోజు మాత్రమే ఆగింది. ముద్రణకు సిద్ధమైన పుటలను హెలికాప్టర్ల ద్వారా పొరుగు ముద్రణాలయాలకు పంపారు. చివరకు సమ్మెచేసిన వారి స్థానంలో కొత్తవారిని నియమించడం వల్ల ఆమె కార్మికసంఘాల తీవ్ర విమర్శకు గురయ్యారు. నిర్వాహకత్వంలో కీర్తితోపాటు కాఠిన్యం కూడా ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

1963లో సుమారు 8.4 కోట్ల డాలర్లుగా ఉన్న సంస్థ వార్షికాదాయం, 1991లో ఆమె ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవిని విడిచేనాటికి సుమారు 140 కోట్ల డాలర్లకు పెరిగింది. 1997లో వెలువడిన ఆత్మకథ 'పర్సనల్ హిస్టరీ'కి మరుసటి సంవత్సరం పులిట్జర్ బహుమతి లభించింది. విలేఖరిగా పట్టిన కలాన్ని ఆమె వార్ధక్యంలో తిరిగి చేపట్టి సార్థకం చేసుకున్నారు. 2001 జూలై 17న పరమపదించారు.

అంతర్జాలం విస్తరించి ప్రకటనల ఆదాయం క్షీణించడంతో 2013లో ఆ పత్రిక 25 కోట్ల డాలర్లకు జెఫ్ బెజోస్ పరమైంది. నేడు వ్యాసాలను, దృశ్యశ్రవణ కార్యక్రమాలను రూపొందించి అందించే సంస్థలను స్వల్ప పెట్టుబడితోనే స్థాపించవచ్చు. రచనాశక్తి గల యువతులకు అది విశాలమైన రంగం. అయితే కేథరిన్ ఎదుర్కొన్న ప్రశ్న వారికీ ఎదురవుతుంది. ఆదాయం లేనిదే సంస్థకు స్వాతంత్ర్యం లేదు. పాఠకుల విశ్వాసం లేనిదే ఆదాయం చిరకాలం నిలవదు. ఆ విశ్వాసమే రచనావ్యాపారానికి అసలైన మూలధనమని ఆమె జీవితం మనకు బోధిస్తున్నది.

ప్రశ్నలు

1. దినపత్రికలోని రెండు విభాగాల ధర్మాలను వివరించండి.
2. పెంటగాన్ పత్రాల ప్రచురణలో కేథరిన్ గ్రాహం ఎదుర్కొన్న ధర్మసంకటం ఎట్టిది?
3. 'పాఠకుల విశ్వాసమే మూలధనం' అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.