ముల్లు చెప్పే మాటను నమ్మవచ్చునా?

కారులో పెట్రోలు అయిపోతే రోడ్డు పక్కన ఆగి సహాయం కోసం ఎదురుచూడవచ్చు. సరస్సు నడుమ ఇంజను ఆగిన పడవ గాలి ఎటు నెడితే అటు పోవలసిందే. వేసవి సెలవులలో పిల్లాపాపలతో షికారు వెళ్లడానికి అమెరికాలో పాత పడవ కొనుక్కున్న కుటుంబం ముందుగా పరీక్షించుకోవలసిన వాటిలో డాష్‌బోర్డు మీది చిన్న పెట్రోలు ముల్లు ఒకటి.

ఆ ముల్లు నిజానికి పెట్రోలును కొలవదు. టాంకులో ఒక కడ్డీ చివర బెండు తేలుతూ ఉంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ బెండు దిగి, టాంకు పైభాగాన బిగించిన సెండరు అనే పరికరంలో విద్యుత్ నిరోధాన్ని మారుస్తుంది. అమెరికా ప్రమాణంలో ఖాళీ టాంకుకు ఈ నిరోధం సుమారు 240 ఓములు, నిండు టాంకుకు సుమారు 33 ఓములు. ముల్లు చూపేది ఈ నిరోధాన్నే. కనుక తీగ తెగితే టాంకు నిండుగా ఉన్నా ముల్లు ఖాళీ అంటుంది. సెండరు తీగ ఒరిసిపోయి ఎర్తుకు తగిలితే ఖాళీ టాంకును కూడా నిండుగా చూపుతుంది. మొదటిది చికాకు, రెండవది ప్రమాదం.

పరీక్షకు ముందు ఒక హెచ్చరిక. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. పడవ అడుగున చేరి నిలుస్తుంది. ఇంజను మూత తెరిచి వాసన చూడాలి. వాసన తగిలితే ఏ స్విచ్చూ ముట్టరాదు. లేకపోతే బ్లోయరును కనీసం 4 నిమిషాలు నడిపిన తరువాతే పని ప్రారంభించాలి.

మొదటి పరీక్ష టాంకుకు దూరంగా, మీటరు వెనుక జరపాలి. అక్కడ మూడు కొసలుంటాయి: 'ఐ' విద్యుత్తు తెచ్చేది, 'ఎస్' సెండరుకు పోయేది, 'జి' ఎర్తు. తాళం తిప్పినప్పుడు ఐ, జి కొసల మధ్య సుమారు 12 వోల్టులు ఉండాలి. తాళం ఆపి, ఎస్ తీగను విప్పి, మళ్లీ తిప్పితే ముల్లు ఖాళీకి రావాలి. ఎస్ కొసను చిన్న తీగతో జి కొసకు కలిపితే నిండుకు పోవాలి. ఈ రెండూ జరిగితే మీటరు మంచిదే. యూరప్ ప్రమాణపు మీటర్లలో ఈ వరుస తిరగబడుతుంది.

తరువాత తాళం ఆపి, విప్పిన తీగకూ జి కొసకూ మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. సగం నిండిన టాంకుకు సుమారు 100 ఓములు రావాలి. రాకపోతే బ్యాటరీని వేరుచేసి, సెండరు తీగలు విప్పి, దాని కొసల మధ్యనే నేరుగా కొలవాలి. అక్కడ సరైన అంకె వస్తే దోషం తీగలలోనో, ఎర్తులోనో ఉన్నట్లు; తుప్పు గీకి, కొసలు కొత్తవి బిగిస్తే సరిపోతుంది. రాకపోతే సెండరునే మార్చాలి. కొత్తది టాంకు లోతుకు తగినదై ఉండాలి. గాస్కెట్టు కూడా కొత్తదే వేయాలి.

బాగుపడిన ముల్లుకూ ఒక పరిమితి ఉన్నది. పడవ ఆకారాన్ని అనుసరించి టాంకు అడుగున సన్నగా ఉంటే, ముల్లు సగం చూపినప్పుడు ఉండేది సగంకంటే తక్కువే. అందుచేత అనుభవజ్ఞులు పోవడానికి మూడోవంతు, తిరిగి రావడానికి మూడోవంతు వాడి, మిగిలిన మూడోవంతును ఆపద కోసం అట్టే ఉంచుతారు. కొత్తగా పడవ ఎక్కే కుటుంబానికి కూడా ఈ లెక్కే క్షేమం.