కళ్లజోడులో ఏడుకొండలు!

తల ఎత్తితే శేషాచలం కొండలు... వెనక్కి తిరిగితే ఎక్కి వచ్చిన అలిపిరి మెట్లు... పక్కకి చూస్తే గోవిందనామాలతో సాగిపోతున్న భక్తులు! ఇదంతా ఇంట్లో కుర్చీలో కూర్చునే చూడొచ్చంటే, మోకాళ్ల నొప్పులతో 3,550 మెట్లు ఎక్కలేని బామ్మకి అంతకన్నా ఏం కావాలి? పిల్లలు వీడియోగేముల కోసం కొనుక్కున్న వీఆర్ కళ్లజోడు ఉంటే ఆ ముచ్చట తీరే వీలుంది. కాకపోతే దానికీ కొన్ని హద్దులున్నాయి.

కిటుకు పాతదే!

రెండు కళ్లకీ కొద్ది తేడాతో రెండు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలిపేసుకుని లోతు ఉన్నట్టు భ్రమపడుతుంది. ఛార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే ఈ సంగతి చెప్పాడు. వీఆర్ కళ్లజోడు దానికి ఇంకోటి జోడించింది. మనం తల ఎటు తిప్పితే అటువైపు దృశ్యాన్నే కళ్లముందు పెడుతుంది.

సోనీ 2016లో ప్లేస్టేషన్ 4 కోసం ఇలాంటి కళ్లజోడు తెచ్చింది. దాన్ని కంప్యూటర్‌కి తగిలించే దారి కంపెనీ చూపలేదు. ఔత్సాహికులే సాఫ్ట్‌వేర్లు తయారుచేసుకున్నారు. 2023లో వచ్చిన పీఎస్ వీఆర్2కి మాత్రం 2024 ఆగస్టులో సోనీయే అడాప్టర్ విడుదల చేసింది. కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు, డిస్‌ప్లేపోర్ట్, స్టీమ్‌వీఆర్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే కుదరదు. కొనేముందే చూసుకోవాలి మరి!

మసక ఎందుకంటే...

'4కే వీడియో అన్నారు, ఇలా అలికేసినట్టుందేం?' అనిపిస్తుంది మొదటిసారి చూస్తే. లెక్క సులువే. 4కే వీడియోలో అడ్డంగా ఉండేవి 3,840 చుక్కలు. వాటిని చుట్టూ 360 డిగ్రీలకీ పంచాలి. కళ్లజోడులో ఒకసారి కనిపించేది సుమారు 110 డిగ్రీలే. అంటే మన వాటాకొచ్చేవి 1,200 లోపే! అందుకే 8కే వీడియో దొరికితే అదే మేలు.

గడప దాకానే!

శ్రీవారి ఆలయంలోకి భక్తుల కెమెరాలకీ సెల్‌ఫోన్లకీ అనుమతి లేదు. కాబట్టి ఈ కళ్లజోడు ఎంత గొప్పదైనా దారిని చూపగలదేగానీ మూలవిరాట్టును కాదు. ఉత్సవాలు చూడ్డానికి 2008లో మొదలైన ఎస్వీబీసీ ఛానల్ ఉండనే ఉంది. 2020లో కరోనా వల్ల భక్తులకు దర్శనాలు ఆగిన రోజుల్లో ఎంతోమందికి టీవీయే ఆసరా అయింది.

బామ్మకి పెట్టేముందు...

కెమెరా కదలకుండా తీసిన వీడియోతో మొదలుపెట్టండి. శరీరం కూర్చుని ఉండి, కళ్లు నడుస్తుంటే తల తిరుగుతుంది. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే ఉండి, అయిదు నిమిషాలు చాలించండి. పన్నెండేళ్లలోపు పిల్లలకి వద్దని సోనీయే చెబుతోంది.

మెట్లదారి ముచ్చట ఇలా తీర్చేశాక, దర్శనం సంగతి కూడా చూడండి. 65 ఏళ్లు నిండినవారికి టీటీడీ ప్రత్యేక దర్శనం ఏర్పాటు ఉంది. కొండమీదికి బస్సులూ ఉన్నాయి. బామ్మను తీసుకెళ్లడానికి ఓ మనిషి తోడుంటే చాలు!