అడుగక పెట్టిన అన్నము

కష్టకాలమున దైవముపై నమ్మకము సడలుట సహజము. అది మరల కుదురుట యెట్లు? మన కోనసీమలోని లంకల గన్నవరమును తలచుకొనుడు. గోదావరి పాయలు పడవపై దాటి, ఆకలిగొని వచ్చిన బాటసారులకు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ యనక, కులము విచారింపక అన్నము పెట్టిరి.

ఇచ్చుటకన్న పుచ్చుకొనుట కష్టము. చేయి చాచుటలో అభిమానము చచ్చును. ఆమె యేమియు నడుగకుండుటచే వచ్చినవాని మానము నిలిచెను. కడుపుతోపాటు గుండెయు నిండెను. గన్నవరపు అక్విడక్టు నేడామె పేర నున్నది. 2024లో మన రాష్ట్రపు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టిరి.

మీ యూర ఆపదపడిన యింటికి పిలువకమునుపే వెళ్లుడు. ఎన్ని ప్రవచనములు విన్నను కుదురని నమ్మకము, ఆ గడపలో మీ యడుగుల చప్పుడు వినినంతనే కుదురవచ్చును.